గళ్ళలో గల్లంతు

నాకు ఈ లోకంలో అసహ్యం పుట్టించేవి చాలా ఉన్నాయి. ఎంగిలి చేత్తో ముట్టుకున్న నీళ్ళచెంబు. బస్సులో పక్కవాడి భుజం మీద గడ్డం ఆనించి వాడి పేపర్ చదివే మనిషి. పెళ్ళిలో తిన్న ఆకు మడవకుండా లేచి, ఇంకా తింటున్నవాళ్ళ ముందు నిలబడి పుల్లతో పళ్ళు గీక్కునే పెద్దమనిషి. వీటన్నిటినీ వరసలో నిలబెడితే అన్నిటికంటే ముందు నిలబడేది మాత్రం ఒకటుంది: గంధం బొట్టు పెట్టిన కంప్యూటర్. ఈరోజుకీ ఏ ఆఫీసులోనైనా అలాంటిది కనబడితే గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతాను. ఎందుకో చెబుతాను. మెల్లగా చెప్పడం నాకు చేతకాదు, గట్టిగానే చెబుతాను.

మాది కోవిల్‌పట్టిలో తువ్వాళ్ళు నేసే ఇల్లు. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. ముందు గదుల్లో మేము, వెనక షెడ్డులో పవర్‌లూములు. ఆ చప్పుడు పక్కన పుట్టి పెరిగినవాడు గొంతు తగ్గించి మాట్లాడాడంటే వాడికి జ్వరమన్నా వచ్చుండాలి. ఒకసారి గుంటూరు నుంచి వచ్చిన నూలు వ్యాపారి "మీరు అరవవాళ్ళా అండీ?" అని అడిగాడు. "కాదండీ, అరిచేవాళ్ళం" అన్నాను. ఆయన నవ్వలేదు. ఆ నవ్వు కూడా నేనే నవ్వాల్సి వచ్చింది.

రెండు వేల సంవత్సరం ఎండాకాలం. ఇంట్లో మా అక్క పాపమ్మాళ్, బావ నారాయణసామి, వాళ్ళ ఒక్కగానొక్క కూతురు ఇళవరసి, పెళ్ళి కాని మేనమామను నేను. ఇళవరసి మార్చిలో ప్లస్ టూ పరీక్షలు రాసింది. మా వంశంలో అంతదాకా చదివినవాళ్ళు లేరు. చదివినట్టు నటించినవాణ్ణి నేనొకణ్ణి ఉన్నాను. పరీక్షలు ముగిసిన రోజే బావ తీర్పు చెప్పేశాడు.

"పాసయితే విరుదునగర్ కాలేజీ. పొయ్యి చదువుకో, నేను అడ్డం చెప్పను. పెయిలయితే పాల్‌పాండి వ్యాను. దానికి నువ్వు అడ్డం చెప్పకూడదు."

"సరి నాయనా" అంది పిల్ల.

పాల్‌పాండి వెంబకోట్టై వైపు ఒక టపాకాయల ఫ్యాక్టరీకి ఆడపిల్లల్ని పోగుచేసే ఏజెంటు. తెల్లవారుతూనే అతని వ్యాను మా వీధి చివర ఆగి హారన్ కొడుతుంది. పిల్లలు టిఫిన్ క్యారియర్లతో పరిగెత్తుతారు. సాయంత్రం దిగేటప్పుడు టపాకాయల మందు అంటి వాళ్ళ చేతులు వెండి రంగులో ఉంటాయి. ఎంత తోమినా ఆ రంగు గోళ్ళ సందుల్లో మిగిలిపోతుంది. రిజల్టు సీజన్ ఇతనికి పంట సీజన్. పరీక్ష రాసిన పిల్ల ఏ ఇంట్లో ఉందో ఆరా తీసి ముందే వచ్చి కూర్చుంటాడు. మా ఇంట్లోనూ కూర్చున్నాడు.

"పెయిలైన పిల్లలే మాకు మేలు అన్నా" అన్నాడు బావతో, అక్క ఇచ్చిన కాఫీ చప్పరిస్తూ. అతను మాట్లాడింది తమిళమే, నేను తెలుగులో చెబుతున్నాను. "తల వంచుకుని పని చేస్తారు. పాసైన పిల్లకి నోరు లేస్తుంది."

అతను వెళ్ళాక ఆ గ్లాసును నేనే బూడిద వేసి తోమాను. గ్లాసు తెల్లబడింది. ఆ మాట మాత్రం వదల్లేదు.

రిజల్టు వచ్చేదాకా ఊరికే కూర్చోలేక ఇళవరసి బస్టాండు దగ్గర సెందిల్‌కుమార్ నడిపే కంప్యూటర్ సెంటర్లో చేరింది. అక్కడ సి అనే భాష నేర్పుతారు. మా ఇళ్ళల్లో ఒత్తులు సరిగ్గా పలకవు, మేము ఛీ అన్నా వినేవాళ్ళకి సీ లాగే ఉంటుంది. సెందిల్‌కుమార్‌ని చూసిన మొదటిరోజే, ఆ భాషకి తగ్గ వాద్యారు దొరికాడనుకున్నాను. ఆ ఎండలో మెడకు టై. నుదుటి మీద విభూతి పట్టీలు. చెమటకి విభూతి టై మీదికి కారుతుంటే తుడుచుకోవడం కూడా భక్తికి లోపమన్నట్టు అలాగే వదిలేసేవాడు. తన నుదురే కాదు, సెంటర్లోని ప్రతి కంప్యూటర్ నుదుటా గంధం, దాని మీద కుంకుమ.

"ఇదేం తంబీ, దీనికెందుకు బొట్టు?" అని అడిగాను.

అతను మౌసును తోక పట్టుకుని పైకెత్తాడు. "ఇదేంటి సార్? ఎలుక. ఎలుక ఎవరి బండి? పిళ్ళయార్ బండి. బండి బయట నిలబడి ఉందంటే స్వామి లోపల ఉన్నట్టే కదా?"

పిళ్ళయార్ అంటే మన వినాయకుడు. మాటలతో ఆడుకోవడంలో నన్ను మించినవాడు దొరికితే మామూలుగా నేను చెయ్యెత్తి దణ్ణం పెడతాను. కానీ ఇతను ఆడుకోవడం లేదు. నిజంగానే అంటున్నాడు. అందుకే దణ్ణం పెట్టలేదు, దూరం జరిగాను.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి మగ్గాలు ఆగిపోయాయి. షెడ్డులో ఇళవరసీ, పక్కింటి వళ్ళీ నేలమీద ఖాళీ అగ్గిపెట్టెలు పేరుస్తున్నారు. వళ్ళిదీ ఇళవరసి క్లాసే, ఇద్దరూ ఒకే హాల్లో పరీక్ష రాశారు. అగ్గిపెట్టెలు చేసే మా ఊళ్ళో వాటికి కరువా? అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని, తీర్చిదిద్దినట్టు వరసలు. ఒక్కో పెట్టెలో ఒక్కో నెంబరు రాసిన చీటీ.

"మామా, రా. నువ్వు కంప్యూటర్" అంది ఇళవరసి.

"బొట్టు పెడితే లేచి పోతాను."

"పెట్టములే. నేను నెంబరు చెప్తా, అది యాడ ఉండాదో నువ్వు కనిపెట్టాల. నలబైమూడు."

నేను మొదటి పెట్టె తెరిచాను. అందులో పదిహేడు ఉంది. "లేదు!" అని అరిచాను.

వళ్ళి పొట్ట పట్టుకుని నవ్వింది. "ఏంది మామా, ఒక్క పెట్టె చూసి లేదనేస్తివి?"

"నవ్వొద్దే, నేను కూడా మొదట అట్లనే రాసినా" అంది ఇళవరసి. "మొదటి గడిలో లేకుంటే చాలు, నా ప్రోగ్రాం లేదు లేదని ఒకటే అరుపు. మామ మాదిరే. చూడు మామా, తెరిచిన పెట్టెలో లేకుంటే నోరు మూసుకోని పక్కదానికి పోవాల. వరస ముగిస్తే కింది వరస. కనపడితే, ఉండాదని చెప్పి నిలిచిపో. లేదు అనే మాట మాత్రం ఆకరి పెట్టె తెరిచినాకనే."

"నోరు మూసుకోవడం నాకు కష్టమే."

"కంప్యూటర్‌కీ కష్టమే. దానికోసరమే గదా ప్రోగ్రాం రాసేది."

వరసకు మామను కాబట్టి వరసల్లో పడి వెతికాను. నలభైమూడు దొరికింది. తర్వాత వళ్ళి వంతు. ఆ పిల్ల కళ్ళు చిట్లించి ఒక నెంబరు చెప్పింది. నేను మోకాళ్ళ మీద పాకుతూ పెట్టె తర్వాత పెట్టె తెరుస్తూ పోయాను. ఆఖరి వరసలో ఆఖరి పెట్టె తెరిచేసరికి చొక్కా తడిసి ముద్దయింది. అందులోనూ లేదు. అసలు ఆ నెంబరు చీటీయే వాళ్ళు రాయలేదు.

"దొంగపిల్లా! లేదని తెలిసీ వెతికించినావు గదే!"

"పాపం మామ" అంది వళ్ళి నవ్వు ఆపుకుంటూ. "ఆకరిదాకా చూసినాడు."

ఇళవరసి రాసిన ఆ ప్రోగ్రాం మీద సెందిల్‌కుమార్ కన్ను పడింది. ఒక్కో స్కూలులో పాసైన నెంబర్లు ఎన్నో ముందు చెబితే, అది అన్నే గళ్ళు గీసుకుని, వాటిలో వరసగా నెంబర్లు నింపుకుంటుంది. తర్వాత ఏ నెంబరు అడిగినా గడిగడికీ వెళ్ళి చూసి వస్తుంది. మొదటి పాఠాల్లో పిల్లలకి ఇచ్చే చిన్న లెక్క అది. సెందిల్‌కుమార్‌కి అందులో గళ్ళు కనబడలేదు, గల్లాపెట్టె కనబడింది. మర్నాడే ఊరంతా గోడల మీద కాగితాలు: రిజల్టు రోజున నేరుగా మద్రాసు నుంచి కంప్యూటర్‌లోకి ఫలితాలు, మా సెంటర్లో మాత్రమే.

"నా ప్రోగ్రామే నాయనా అది" అంది ఇళవరసి బావతో.

బావ ఆ సాయంత్రం గోడమీది కాగితం ముందు నిలబడి చాలాసేపు చూసి వచ్చాడు. చదవడం రాని మనిషి.

మే నెలలో రిజల్టు వచ్చిన రోజు నేను విరుదునగర్‌లో ఉన్నాను. తువ్వాళ్ళ కట్టలు కొట్లో దించి బస్టాండుకి వచ్చేసరికి సాయంకాలం పేపర్ కోసం జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు ఎక్కుతున్నారు. నేను నా గొంతుతోనే దారి చేసుకుని ఒకటి సంపాదించాను. కోవిల్‌పట్టి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని విప్పాను. పేజీ నిండా చీమలబారుల్లాంటి అంకెలు. స్కూలు పేరు, దాని కింద గళ్ళు గళ్ళుగా నెంబర్లు. నా రెండు భుజాల మీదా ఎవరివో రెండు గడ్డాలు. ఆరోజు మాత్రం వాటిని తోసెయ్యలేదు. వాళ్ళకీ ఇళ్ళల్లో పిల్లలున్నారు.

మా స్కూలు దొరికింది. పిల్ల చెప్పినట్టే చేశాను. మొదటి గడి. నోరు మూసుకుని పక్క గడి. వరస ముగిస్తే కింది వరస. సాత్తూరు దాటింది. కింది వరసలకి వచ్చేకొద్దీ నా వేలు చెమట పట్టి అచ్చు సిరా అంటుకుంటోంది. ఆఖరి గడిలో, ఆఖరి నెంబరుగా, మా పిల్ల ఉంది. ఇళవరసి పుదూరు స్కూలు నుంచి మధ్యలో వచ్చి చేరింది కాబట్టి క్లాసులో పేరు ఎప్పుడూ ఆఖరునే.

"ఉండాది!" అని అరిచాను. డ్రైవర్ బ్రేకు వేశాడు.

కోవిల్‌పట్టిలో దిగితే ఏ కొట్లోనూ ఆ పేపర్ ఒక్కటీ కనబడలేదు. వేరుశనగ మిఠాయి పొట్లం కట్టించుకుని వీధి మొదటినుంచే "పాస్! పాస్!" అని అరుస్తూ వచ్చాను. వీధిలో ఎవరూ బయటికి రాలేదు. ఇంట్లో మగ్గాలు ఆగి ఉన్నాయి. కరెంటు మాత్రం ఉంది.

ముందుగదిలో పాల్‌పాండి కూర్చుని కాఫీ తాగుతున్నాడు. అక్క గోడకి ఆనుకుని కూర్చుంది, కళ్ళు వాచి ఉన్నాయి. ఇళవరసి మూలన టిఫిన్ క్యారియర్ తోముతోంది.

"ఏందిరా ఈ అరుపులు?" అన్నాడు బావ. "పిల్ల పెయిలు."

"ఎవడు చెప్పినాడు?"

"కంప్యూటర్ చెప్పింది. తెల్లారి వ్యాను ఎక్కతాది. వళ్ళి కూడా పోతా ఉండాది, జతకి జత."

పేపర్ విప్పి బావ ముఖం ముందు పెట్టాను. సిరా అంటిన వేలుతో ఆఖరి గడి చూపించాను. బావ అంకెలు గుర్తుపట్టగలడు. చూశాడు. నా వైపు తిరిగాడు. "కంప్యూటర్ కంటే బజ్జీలు పొట్లం కట్టే పేపర్ గొప్పదా?"

"అచ్చులో తప్పు పడుంటాదన్నా" అన్నాడు పాల్‌పాండి గ్లాసు కింద పెట్టి. "మనుషులు వేసే అచ్చు కదా. మెషిన్‌కి తప్పు రాదు."

ఏం లోకం! ఒక కోతి వచ్చి టైపు కొట్టినా తెర మీద కనబడితే చాలు, చేతులు జోడిస్తారు. కానీ నన్ను చావగొట్టింది వీళ్ళిద్దరూ కాదు, ఇళవరసి.

"విడువు మామా" అంది, తల ఎత్తకుండా. "పేపర్లోనే తప్పుంటాది. నా ప్రోగ్రాం నేనే రాసినా, నాకు తెలుసు. అన్ని గళ్ళూ చూసినాకనే లేదంటాది. ఊరికే లేదనదు."

పరాయివాడు రాసుంటే కనీసం అనుమానం వచ్చేది. తన చేత్తో రాసింది కాబట్టి తన చేత్తోనే క్యారియర్ తోముకుంటోంది.

"అన్ని గళ్ళూ చూసిందని నువ్వు చూసినావా?" అన్నాను. ఆ ఇంట్లో నేను మెల్లగా మాట్లాడిన సందర్భాలు తక్కువ. అందుకేనేమో తలెత్తింది. "గళ్ళల్లో ఏం నింపినారో చూసినావా?"

"సెందిల్ అన్న నింపినాడు. తలుపేసుకోని. మద్రాసు నుంచి వచ్చిందంట."

"లే. పోదాం రా."

సెంటర్లో జనం పల్చబడ్డారు. సెందిల్‌కుమార్ టై విప్పి మెడలో తువ్వాలులా వేసుకున్నాడు. కంప్యూటర్‌కి ఆరోజు మల్లెపూల దండ కూడా పడింది. చచ్చినవాళ్ళ ఫోటోలా ఉంది.

"ఆ పిల్ల నెంబరు చూసేశాం కదా సార్" అన్నాడు. "లేదు. నాకూ బాధగానే ఉంది. మంచి పిల్ల."

"మద్రాసు నుంచి వచ్చిన ఫలితాలు ఒకసారి చూపించు తంబీ."

"అవి లైన్లో వస్తాయి సార్. కంటికి కనబడవు."

కంటికి కనబడేది నా కాలికి తగిలింది. బల్ల కింద కట్టలు కట్టలుగా అదే సాయంకాలం పేపర్, నా చంకలో ఉన్నదే. బల్లమీద కూడా ఒకటి పరిచి ఉంది, అంకెల మీద పెన్సిలు గీతలతో. కోవిల్‌పట్టికి ఆ సాయంత్రం ఒక్క పేపర్ కూడా ఎందుకు రాలేదో అప్పుడు అర్థమైంది. బస్సు దిగిన కట్టలు దిగినట్టే కొనేసి దాచి, అందులో ఉన్న అంకెల్నే కంప్యూటర్లో కొట్టి, ఊరి పిల్లలకి ఒక్కో అంకెగా అమ్ముకున్నాడు. మద్రాసు లైనంట! ఈ మద్రాసు బల్ల కింద ఉంది. నా నోట్లో ఉమ్మి ఊరింది. గోడ మీద సరస్వతి క్యాలెండర్ ఉంది కాబట్టి మింగేశాను.

ఇళవరసి ఆ కట్టల వైపు ఒకసారి చూసింది. నేరుగా వెళ్ళి కుర్చీలో కూర్చుని కీబోర్డు ముందుకి లాక్కుంది. తెరమీద మా స్కూలు గళ్ళు వచ్చాయి, నల్లటి దానిమీద తెల్లటి నెంబర్లు. వేలు పెట్టి మొదటినుంచీ చూసుకుంటూ పోదామనుకుందేమో, వేలు మొదటి గడి మీదే ఆగిపోయింది.

"అన్నా, ఈ రెండు ఏంది?"

అన్నీ పొడుగాటి నెంబర్లు. మొదటి గడిలో మాత్రం ఒంటరిగా 2.

"అది రెండు కాదమ్మా" అన్నాడు సెందిల్‌కుమార్, చెంపలు వేసుకుంటూ. "పిళ్ళయార్ సుళి."

తెలియనివాళ్ళకి చెబుతాను. ఈ తమిళదేశంలో కాగితం మీద ఏది రాయాలన్నా, ఉత్తరం గానీ పద్దు గానీ పరీక్ష గానీ, ముందు పైన ఒక చిన్న సుడి చుడతారు, తమిళ ఉకారంలాగా. అది వినాయకుడి గుర్తు. అది పెట్టకుండా మొదలెడితే పని చెడుతుందని నమ్మకం. మేమూ పెడతాం, నేను నూలు లెక్క రాసినా పెడతాను. ఆ కంప్యూటర్‌కి తమిళం రాదు. చూడ్డానికి ఆ సుడి అచ్చంగా 2 లాగే ఉంటుంది కాబట్టి సెందిల్‌కుమార్ రెండు కొట్టాడు. భక్తిగా, మొదటి గడిలో.

టికెట్ లేని పెద్దమనిషి ముందే ఎక్కి మొదటి సీట్లో కూర్చున్నాడన్నమాట. అదీ ఏనుగు తలవాడు. బస్సులో సీట్లు పెరగవు కదా. అందరూ ఒక్కో సీటు వెనక్కి జరిగారు. వరసలో ఆఖరున నిలబడ్డ మా పిల్ల రోడ్డు మీద మిగిలిపోయింది.

ఇళవరసి ఆ రెండును చెరిపేసింది. నెంబర్లు మళ్ళీ నింపింది. తన నెంబరు కొట్టింది. మిషన్ ఒక్కసారి గొణిగి, ఉంది అంది.

నేను అరవబోయాను. పిల్ల ముఖం చూసి ఆగాను. నవ్వడం లేదు.

"అన్ని స్కూళ్ళకీ పెట్టినారా అన్నా, సుళి?"

"పెట్టకుండా ఎట్లా అమ్మా?" అన్నాడతను, అడగడమే తప్పన్నట్టు. "ఒక స్కూలుకి పెట్టి ఇంకో స్కూలుకి మానేస్తామా?"

"అంటే స్కూలుకి ఒకరు" అంది ఇళవరసి మెల్లగా. "నా మాదిరి."

అప్పుడు సెందిల్‌కుమార్‌కి విషయం ఎక్కింది. ఎక్కాక అతను అన్న మాట ఈరోజుకీ నా చెవిలో పుండులా ఉంది. "స్కూలుకి ఒక్కరే కదమ్మా. మిగిలినవాళ్ళందరికీ కరెక్టుగానే చెప్పాం కదా. రేపో ఎల్లుండో స్కూళ్ళలో అంటిస్తారు, వాళ్ళే తెలుసుకుంటారు. ఇప్పుడు దీన్ని బయట చెబితే సెంటర్ పేరు పోతుంది. నీ ప్రోగ్రాం పేరు కూడా."

"నీ సెంటర్‌కి పేరు ఒకటా!" అన్నాను. "సెంటర్ కాదురా ఇది, సెంటు కొట్టిన పేడకుప్ప!"

అతను నా మాట వినడం లేదు. వంగి కీబోర్డు మీద చెయ్యి చాపి, పిల్ల చెరిపేసిన చోట మళ్ళీ రెండు కొట్టేశాడు. "స్వామిని తీసెయ్యకూడదు సార్" అన్నాడు. "ఈరోజు సంకటహర చతుర్థి."

ఇళవరసి నా చంకలోని పేపర్ తీసుకుని, స్కూలు స్కూలుకీ ఆఖరి నెంబరు చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టింది. ఆ సున్నాలు ఎవరివో మాకు తెలియదు. పేర్లుండవు కదా, నెంబర్లే. ఏ వీధిలో ఏ పిల్ల మూలన కూర్చుని క్యారియర్ తోముకుంటోందో ఎలా తెలుస్తుంది?

"తెల్లారి వ్యానులో ఉంటారు మామా" అంది ఇళవరసి. "కొందరన్నా."

ఇంటికొచ్చి జరిగింది చెబితే బావ కుర్చీలో కూర్చుని, "అయితే పిళ్ళయారే పెయిల్ చేసినాడా?" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియని ముఖంతో లోపలికి వెళ్ళి, పిల్ల తోమి పెట్టిన టిఫిన్ క్యారియర్ తీసి అటక మీద పడేశాడు. అంతే. ఆ జూన్‌లో ఇళవరసి విరుదునగర్ బస్సెక్కింది. తర్వాత మా ఇల్లు మారింది, మగ్గాలు పోయాయి, చదువుకున్న పిల్ల ఉన్న ఇల్లుగా మాకొక పేరొచ్చింది. అదంతా చెప్పుకోవడం నాకిష్టమే. కానీ ఆ సీజన్ అనగానే నా కళ్ళముందుకి వచ్చేది అది కాదు. మర్నాటి తెల్లవారుజాము.

వ్యాను టీకొట్టు ముందు ఆగి ఉంది. నిండా పిల్లలు. ఊళ్ళోని నాలుగు మూలల నుంచీ పోగుచేసుకొచ్చాడు. నిన్నటిదాకా రెండు జడల్లో రిబ్బన్లు, ఈరోజు ఒక జడ. పాల్‌పాండి మెట్టు మీద నిలబడి బీడీ కాలుస్తున్నాడు. టపాకాయల ఫ్యాక్టరీకి పిల్లల్ని తీసుకెళ్ళేవాడి నోట్లో బీడీ! ఇళవరసిని చూసి పళ్ళు బయటపెట్టాడు.

"రామ్మా, ఎక్కు. నీకోసం కిటికీ సీటు పెట్టాను."

ఇళవరసి ఎక్కలేదు. పేపర్ నాకిచ్చింది. "చదువు మామా. నీ గొంతుతో."

దేవుడు నాకు ఈ గొంతు ఎందుకిచ్చాడో ఆరోజు తెలిసింది. సున్నా చుట్టిన నెంబర్లు ఒక్కొక్కటే చదివాను. టీకొట్టు వాడు గ్లాసు పట్టుకుని ఆగిపోయాడు. మొదటి నెంబరుకి ఎవరూ పలకలేదు. రెండో దానికీ లేదు. ఆ తర్వాత దానికి వెనక సీట్లోంచి ఒక సన్నటి గొంతు వచ్చింది.

"అది నాది."

"నీ పేరేంది?" అంది ఇళవరసి.

"సెల్వరాణి."

"దిగు. నువ్వు పాసు."

ఆ పిల్ల కదల్లేదు. పాల్‌పాండి వైపు చూసింది. "కంప్యూటర్ లేదంది గదక్కా?"

"తప్పు చెప్పింది. నేను రాసిన కంప్యూటరే. దిగు."

"ఎక్కిన పిల్ల దిగేది లేదు" అన్నాడు పాల్‌పాండి తలుపుకి చెయ్యి అడ్డం పెట్టి. "అక్కడ లెక్క చెప్పి పెట్టాను."

"లెక్క తప్పితే నువ్వు పొయ్యి కూచోరా" అన్నాను. "ఒక టపాకాయకి వత్తి నువ్వుంటే చాలు. కాలుతూనే ఉన్నావు కదా!"

టీకొట్టు దగ్గర ఎవరో నవ్వారు. నవ్వు పుట్టిన చోట అడ్డం పెట్టిన చెయ్యి ఎక్కువసేపు నిలవదు. సెల్వరాణి ఆ చేతి కింద నుంచి దూరి దిగింది. దిగినది మళ్ళీ ఎక్కి, సీటు కింద మరిచిపోయిన క్యారియర్ తెచ్చుకుని మళ్ళీ దిగింది. ఏం చెయ్యాలో తెలియక దాన్ని గుండెకి హత్తుకుని రోడ్డు మీద నిలబడింది. మిగతా నెంబర్లు చదివాను. ఇంకెవరూ పలకలేదు. వ్యాను స్టార్టయింది.

"ఇళా."

కిటికీ కడ్డీల మధ్య నుంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. వళ్ళి. అంతసేపూ అక్కడే కూర్చుని ఉంది, అదే కిటికీ సీటు పక్కన.

"నాది కూడా ఒకసారి చూడవే."

వళ్ళిది మా స్కూలే. మా స్కూల్లో గల్లంతైంది ఒక్క గడి, అది ఎవరిదో మాకు తెలుసు. నాకు తెలుసు, ఇళవరసికి తెలుసు. వళ్ళికి మాత్రం తెలియదా?

ఇళవరసి నా చేతిలోంచి పేపర్ తీసుకుంది. కిటికీ కింద రేకు మీద పరిచి, మొదటి గడి మీద వేలు పెట్టింది. పెదవులు కదులుతున్నాయి. పక్క గడి. ఆ పక్కది. వరస ముగిసింది, కింది వరసకి దిగింది. పాల్‌పాండి హారన్ కొట్టించాడు. ఇళవరసి తలెత్తలేదు. ఒక్క గడి దాటలేదు. మళ్ళీ హారన్. వేలు నిదానంగా పోతూనే ఉంది. ఆఖరి వరస. ఆఖరి గడి.

ఆ గడిలో ఉన్నది తన నెంబరే. వేలు దాని మీద అలాగే ఉండిపోయింది.

వళ్ళి ఆ వేలునే చూస్తోంది.

"పరవాలేదే" అంది. "ఆకరిదాకా చూసినావు గదా."